ముందు మీటరు పెట్టావా అబ్బాయ్?

ఆగు, ఆగు. ఆ పానా కింద పెట్టు ముందు.

భోగిమంట బూడిద ఇంకా వెచ్చగానే ఉంది, నువ్వు అప్పుడే బానెట్ లేపి బండి కడుపులో తల దూర్చావు. మా అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. పక్కన అట్టపెట్టె, అందులో కొత్త ఆల్టర్నేటర్. నిన్ననే బెజవాడ ఆటోనగర్ నుంచి బస్సులో వేయించుకున్నావట, మీ అమ్మ చెప్పింది. డబ్బు కట్టేశావు, వస్తువు వచ్చేసింది, ఇక పాతది విప్పడమే తరువాయి అన్నట్టు నిలబడ్డావు. నేనడిగేది ఒక్కటే మాట. మీటరు పెట్టావా?

పెట్టలేదు. నీ మొహమే చెబుతోంది.

నువ్వు చెడ్డ పనేం చేయడం లేదురా. ఇంట్లో బండి సంగతి ఇంట్లోనే చూసుకుందామనుకోవడం మంచి బుద్ధే. మీ నాన్నకి స్కూటర్ ప్లగ్గు విప్పడం కూడా వచ్చేది కాదు, తోసుకుంటూ నా కొట్టుకొచ్చేవాడు. నీకు చేయి తిరిగింది, సంతోషం. తొందరే నీ జబ్బు. రేపు సంక్రాంతి, ఎల్లుండి కనుమ, ఆ మర్నాడు పొద్దున్నే కోడల్నీ పాపనీ ఎక్కించుకుని హైదరాబాద్ బయల్దేరాలి, ఈలోగా పని అయిపోవాలి. తొందర ఉంటే కారణం వెతకబుద్ధి కాదు. కనబడ్డది మార్చేయబుద్ధవుతుంది.

మొన్న రాత్రి ఏం జరిగిందో నువ్వే చెప్పావు కదా. చిల్లకల్లు టోల్ దగ్గర పండగ వరస. గంటకు పైగా అంగుళం అంగుళం జరుగుతూ నిలబడ్డారు. ఏసీ ఆడుతోంది, లైట్లు వెలుగుతున్నాయి, పాటలు, రెండు ఫోన్లు ఛార్జింగులో, వెనక పాపకి బొమ్మల టీవీ. లైట్లు మసకబారాయి. మీటర్ల దగ్గర ఎర్ర బ్యాటరీ బొమ్మ ఒకసారి వెలిగి ఆరింది. నిన్న పొద్దున సెల్ఫ్ కొడితే కట కట కట. అంతే, ఫోన్లో వెతికావు, ఆల్టర్నేటర్ పోయిందని తేల్చేశావు. ఒళ్లు వెచ్చబడిందని చెప్పగానే టైఫాయిడ్ మందు రాసిచ్చినట్టుంది నీ వైద్యం.

పోయి ఉండొచ్చు. పోలేదని నేననడం లేదు. చూశావా అని అడుగుతున్నాను.

ఇలా కూర్చో. మనది మెట్ట. ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ, 2022 దాకా ఇది కృష్ణా జిల్లా మెట్టే, నా నోటికి ఇప్పటికీ అదే వస్తుంది. డెల్టా వాళ్లకి లాగా మనకి ఇంటి ముందు కాలువ పారదు. సాగర్ ఎడమ కాలువ చివరి భూములు మనవి. ఆ నీటి లెక్క తెలిసినవాడికి బండి కరెంటు లెక్క చెప్పక్కర్లేదు. బ్యాటరీ చెరువు. ఆల్టర్నేటర్ కాలువ. సెల్ఫ్ కొట్టినప్పుడు చెరువులోంచి ఒక్కసారిగా తూము ఎత్తుతావు. ఇంజన్ అందుకున్నాక కాలువ పారాలి. లైట్లకీ ఏసీ ఫ్యానుకీ కాలువ నీళ్లే సరిపోవాలి, పైగా చెరువు మళ్లీ నిండాలి.

చెరువు ఎండిందనుకో, ఊళ్లో పెద్దరైతు ఏం చేస్తాడు? గట్టు మీద నిలబడి చెరువుని తిట్టడు. ఎగువకి నడుస్తాడు. కాలువ అసలు వస్తోందా? వస్తుంటే మధ్యలో ఎక్కడైనా పూడిక ఉందా? గండి పడిందా? లేక వచ్చేదానికన్నా మనమే ఎక్కువ తోడేశామా? లేక చెరువుకే బొక్క పడి రాత్రికి రాత్రి ఇంకిపోతోందా? ఇన్ని ఉన్నాయి. నువ్వు ఇవేవీ చూడకుండా కొత్త కాలువ తవ్వడానికి పార తీసుకొచ్చావు.

టోల్ వరస సంగతే తీసుకో. ఆల్టర్నేటర్ ఇంజన్ బెల్టుతో తిరుగుతుంది. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే అది రెండు మూడు చుట్లు తిరుగుతుంది. ఇంజన్ నిదానంగా ఉంటే అదీ నిదానమే. నిలబడ్డ బండిలో అన్నీ ఆన్ చేసి పెడితే వచ్చే నీళ్లు చాలవు, చెరువులోంచి తోడుకుంటుంది. దానికి తోడు, మీరు హైదరాబాద్‌లో బండిని వారాలకి వారాలు అపార్ట్‌మెంట్ కింద నిలబెట్టి ఇంట్లోనే ఉద్యోగం చేస్తారు. తీసినా కూరగాయల దాకా వెళ్లి వస్తారు. ముందు అద్దానికి అంటించిన ఆ కెమెరా మాత్రం పగలూ రాత్రీ కరెంటు తాగుతూనే ఉంటుంది. సగం నిండిన చెరువుతో బయల్దేరి టోల్ దగ్గర ఖాళీ చేసుకుంటే తప్పు కాలువదా?

మేం దీన్ని ఇప్పటికీ డైనమో అనే అంటాం, నువ్వు నవ్వినా సరే. పాత అంబాసిడర్లకి నిజంగానే డైనమో ఉండేది, పక్కన కటౌట్ డబ్బా. ఇంజన్ నిదానంగా ఉంటే అది ఛార్జింగే ఇచ్చేది కాదు. రాత్రిపూట గేటు పడి ఆగితే లైట్లు ఆర్పుకునేవాళ్లం. ఆ తర్వాత ఆల్టర్నేటర్లు వచ్చాయి. మద్రాసు పాడిలో 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ వాళ్లవే మా చేతుల మీదుగా ఎక్కువ పోయేవి. పేరు మారింది, లోపలి పద్ధతి మారింది, మా నోరు మారలేదు. బండికి దారి పక్కన ఏదైనా వచ్చినప్పుడు ముసలి మెకానిక్ డైనమో అంటే ఆల్టర్నేటర్ అని అర్థం చేసుకో, సరిదిద్దబోకు.

నాకూ నీ వయసులో తొందరే. జగ్గయ్యపేటలో కొట్టు పెట్టిన కొత్తల్లో ఒక పత్తి వ్యాపారి జీపు వచ్చింది, సెల్ఫ్ తిరగడం లేదని. చూడగానే బ్యాటరీ అన్నాను. కొత్తది వేశాం. పది రోజులకి మళ్లీ అదే. ఈసారి డైనమో అన్నాను. అదీ మార్చాం. వారానికి మళ్లీ తోసుకొచ్చారు. ఆ జీపు డ్రైవరు ముసలాయన, నన్నేమీ అనకుండా కింద గోనెపట్టా పరుచుకుని దూరి, ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఎర్తు పట్టీ విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించాడు. సెల్ఫ్ కొడితే మొదటి దెబ్బకే అందుకుంది. ఆ పట్టీ ఖరీదు నేను రోజూ తాగే టీలంత. వ్యాపారి నన్ను తిట్టలేదు, అదే ఎక్కువ బాధ. డైనమో డబ్బు వాయిదాల్లో తిరిగి ఇచ్చాను. నీ అట్టపెట్టె చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ జీపే.

అందుకే మీటరు అంటున్నాను. పెద్ద ఖర్చేం కాదు, మా మనవరాలు కాలేజీలో వాడి పడేసింది ఒకటి ఇంట్లో ఉంది, తెస్తా. డీసీ ఇరవై వోల్టుల దగ్గర తిప్పుకో. రాత్రంతా నిలబడ్డ బండికి, తాళం తిప్పకముందే, బ్యాటరీ రెండు పోస్టుల మీద మీటరు ముళ్లు పెట్టు. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు మీదే. 12.6 ఉంటే చెరువు నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే సగం. 12కి దిగిందంటే అడుగంటింది. తర్వాత కోడల్ని సెల్ఫ్ కొట్టమను, నువ్వు మీటరు చూడు. ఒక్కసారి పడి లేవాలి, 10కి దగ్గర్లో నిలవాలి. అక్కడి నుంచీ జారి ఏడుకో ఎనిమిదికో పోతే బ్యాటరీలోనే సత్తువ లేదు. ముందు దాన్ని నిండా ఛార్జ్ చేయించి మళ్లీ చూడు, అప్పుడూ అలాగే పడితే దాని కాలం తీరింది, నీ కొత్త డైనమో దానికేం చేస్తుంది?

ఇంజన్ అందుకున్నాక మళ్లీ అవే పోస్టుల మీద చూడు. 13.8కీ 14.5కీ మధ్య ఎక్కడో నిలవాలి. ఇప్పుడు పెద్ద లైట్లు, ఏసీ ఫ్యాను, వెనక అద్దం వేడి అన్నీ వేసి, ఇంజన్ కాస్త రైజ్ చేసి చూడు. 13 పైన కాలు ఊని నిలబడిందా, కాలువ బాగానే ఉంది, ఆ అట్టపెట్టె వెనక్కి పంపు. ఇంజన్ నడుస్తున్నా 12.4 దగ్గరే కూర్చుని మెల్లగా దిగుతోందా, అప్పుడు నీళ్లు రావడం లేదు. 15 దాటి పైకి పోతోందా, అది ఇంకో రకం రోగం, రెగ్యులేటర్ పోయింది. కాలువ తెగి ఊరి మీద పడ్డట్టు బ్యాటరీని ఉడకబెట్టేస్తుంది. దగ్గరికెళ్తే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. అలాంటి బ్యాటరీ దగ్గర బీడీ కాదు కదా, నిప్పురవ్వ పుట్టించే పనేదీ చేయకూడదు. అది వదిలే గాలి హైడ్రోజన్.

ఇంకో మాట, ఇది కొత్త బండ్ల మాట. ఇప్పటి బండ్లలో ఛార్జింగ్ ఎంత ఇవ్వాలో కంప్యూటరే చెబుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే 12.8 దగ్గరికి దించేస్తుంది, యాక్సిలరేటర్ వదిలి బండి నెమ్మదిస్తుంటే పైకి ఎత్తుతుంది. ఒక్క క్షణం చూసి పోయిందనుకోకు. ఐదు నిమిషాలు చూడు, లైట్లు వేసి చూడు. మా కాలం అంకెలతో నీ కాలం బండిని తిట్టకూడదు కదా.

సరే, 12.4 దగ్గరే ఉందనుకో. అప్పుడైనా పానా పట్టుకోవచ్చా? పట్టుకోకూడదు. ఇంకా ఎగువకి నడవాలి. బెల్టు ఉందా, వదులైందా, అంచులు చీలికలు పేలికలుగా ఉన్నాయా? చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి ఊరుకుంటోందంటే బెల్టు జారుతున్నట్టే. బ్యాటరీ క్లాంపుల కింద తెల్లటి సుద్దా, పచ్చటి చిలుమూ పట్టిందా? వేడినీళ్లలో వంటసోడా కలిపి కడిగి, ఆరాక గీకి బిగిస్తే సగం బండ్లు అక్కడే లేచి కూర్చుంటాయి. డైనమో వెనక పెద్ద నట్టు, దాని మీద రబ్బరు టోపీ ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ నట్టు మీద ఒక ముల్లు, బ్యాటరీ ప్లస్ పోస్టు మీద ఒక ముల్లు పెట్టు. అర వోల్టు చూపిస్తే ఆ దారిలో పూడిక ఉంది. 0.2 లోపు ఉంటే దారి శుభ్రం. మైనస్ వైపు కూడా అలాగే, డైనమో ఒంటి మీద ఒకటి, మైనస్ పోస్టు మీద ఒకటి. నా జీపు ఇక్కడే దొరికేది, నేనప్పుడు ఈ రెండు నిమిషాలు పెట్టుంటే.

ఎర్ర దీపాన్ని కూడా అడుగు. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పితే ఆ దీపం వెలగాలి. వెలగకపోతే సంతోషపడకు. పాత బండ్లలో డైనమోకి మొదటి ఊపు ఆ బల్బులోంచే పోతుంది. బల్బు కాలిపోతే డైనమో నిద్రలేవదు. చిన్న బల్బు కోసం పెద్ద సామాను మార్చినవాళ్లని నేనెరుగుదును. ఇంకో చిట్కా, చీకట్లో నేర్చుకున్నది. రాత్రి ఆపిన బండి పొద్దున్నే స్టార్ట్ చేయకముందే డైనమో మీద చేయి వేసి చూడు. చలి పొద్దున ఇనుమంతా చల్లగా ఉండి అదొక్కటే వెచ్చగా ఉంటే లోపల డయోడు కారుతోంది, రాత్రంతా బ్యాటరీని తాగింది. చెరువుకి బొక్క అంటే అదే.

ఇంత చూశాక కూడా డైనమోదే తప్పని తేలితే మన ప్రాంతంలో ఆశ్చర్యం లేదులే. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, జయంతీపురం వైపో ముక్త్యాల వైపో తిరిగే బండి డైనమో విప్పితే లోపల బూడిద గుమ్మడికాయలా ఉంటుంది. ఆ దుమ్ము కార్బన్ బ్రష్‌లని ఉలితో చెక్కినట్టు చెక్కేస్తుంది. ఏప్రిల్, మేలో మన ఎండ 45 దాటితే బానెట్ కింద ఎంతుంటుందో ఆలోచించు, వేడెక్కినకొద్దీ అది ఇచ్చే కరెంటూ తగ్గుతుంది. ఇక నీళ్లు. 2023 జులైలో మున్నేరు ఐతవరం దగ్గర హైవే మీదికొచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ వచ్చింది. ఆగండయ్యా అంటే వినక నీళ్లలోంచి తోలుకొచ్చిన బండ్లు ఉన్నాయి చూడు, అవి ఆ రోజు బాగానే వచ్చాయి. రెండు మూడు నెలలయ్యాక ఒక్కొక్కటే గర్రుమంటూ మెకానిక్కుల దగ్గరికి బయల్దేరాయి, బేరింగుల్లో బురద. నీ బండి అప్పుడు ఇక్కడ లేదనుకుంటా. సెకండ్ హ్యాండ్‌లో కొన్నావు కదా, దాని ముందు జన్మ సంగతి మనకేం తెలుసు.

ఇప్పుడు ఒక పాత అలవాటు గురించి చెప్పాలి, దానికి నేనే సిగ్గుపడాలి. మా రోజుల్లో డైనమో బాగుందో లేదో చూడాలంటే ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకేసేవాళ్లం. ఇంజన్ ఆగకపోతే డైనమో భేష్. అంబాసిడర్లకి, పాత జీపులకి చెల్లింది. ఇప్పటికీ హైవే పక్కన ఎవడో ఒకడు నీ ముందే ఆ పని చేయబోతాడు, చేయి పట్టుకుని ఆపు. బ్యాటరీ చెరువన్నానే, వచ్చే పోటునంతా మింగేది అదే. అది లేకపోతే డైనమో పోటు ఒక్కసారిగా పదుల వోల్టులు ఎగిరి బండి కంప్యూటర్ మీద పడుతుంది. కంప్యూటర్లున్న బండ్లు వచ్చిన కొత్తల్లో నేను ఒకాయన బండికి ఇలాగే పీకాను, పాతికేళ్ల అలవాటు కదా. ఇంజన్ ఆగింది. మళ్లీ లేవలేదు. ఆ కంప్యూటర్ డబ్బు కట్టడానికి మీ పెద్దమ్మ గాజులు బ్యాంకుకెళ్లాయి. ఆవిడ ఆ మాట ఇప్పటివరకు ఎత్తలేదు గానీ, నేను పానా పట్టుకున్నప్పుడల్లా చేతులు చూసుకుంటుంది.

చేతులంటే గుర్తొచ్చింది, ఆ ఉంగరం తీసెయ్. నిశ్చితార్థం ఉంగరమని తెలుసు, అందుకే తీయమంటున్నాను. చేతికి ఆ స్టీలు కడియం కూడా. డైనమో వెనక నట్టు దగ్గర ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తాళం తీసినా ఉంటుంది. దాని మీద పానా ఉండగా ఉంగరం ఇంజన్‌కి తగిలిందా, కొలిమిలో పెట్టినట్టు ఎర్రబడుతుంది. ఇదిగో నా వేలు చూడు, చుట్టూ ఈ తెల్ల గీత. ఉంగరాన్ని కత్తిరించి తీశారు. అందుకే పదో నంబరు పానాతో ముందు మైనస్ టెర్మినల్ విప్పి, గుడ్డ చుట్టి పక్కకి పెట్టాకే ఏదైనా. బిగించేటప్పుడు మైనస్ ఆఖరిది. విప్పేటప్పుడు మొదటిది, బిగించేటప్పుడు ఆఖరిది. మళ్లీ అడుగుతా నిన్ను.

లుంగీతో వద్దు, మెడలో తువ్వాలు వద్దు. బెల్టు గుడ్డని పట్టుకుంటే మనిషిని వదలదు. షట్టర్ వేసిన షెడ్డులో ఇంజన్ నడపొద్దు. పాపని లోపలికి పంపు, తాళం చెవి నీ జేబులో పెట్టుకో. నువ్వు బానెట్ కింద ఉండగా వెనక నుంచి ఎవరో సరదాకి సెల్ఫ్ కొట్టడం నేను చూశాను, తర్వాత జరిగింది పండగ పూట చెప్పను.

విప్పడం పెద్ద విద్యేం కాదు. ఇంజన్ చల్లారాలి. బెల్టు ఏ పుల్లీ పైనుంచి, ఏ పుల్లీ కిందనుంచి పోయిందో ముందు ఫోటో తీసుకో. ఈ ఒక్క విషయంలో నీ ఫోను మా కాలం కన్నా నయం, మేం బొగ్గుతో గోడ మీద గీసుకునేవాళ్లం. టెన్షనర్ వదులు చేసి బెల్టు జార్చు. వైరింగ్ సాకెట్‌ని లాగకు, దాని నాలుక నొక్కితే అదే వస్తుంది, లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. పెద్ద నట్టు విప్పు, తర్వాత బోల్టులు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పిల్లకి సంబంధం చూసినట్టు చూడు. పుల్లీ మీద గాడులు అన్నేనా, చెవులు అదే దూరమా, సాకెట్ అదేనా, ఆంపియర్లు తగ్గలేదు కదా. డీజిల్ బండ్లలో కొన్ని పుల్లీలు ఒకవైపే తిరుగుతాయి, మామూలు పుల్లీది తెచ్చి వేస్తే బెల్టు కొట్టుకుంటుంది.

పాత డీజిల్ బండి అయితే మాత్రం అసలు చేయి పెట్టకు. వాటిలో కొన్నింటికి డైనమో వెనకాలే వాక్యూమ్ పంపు ఉంటుంది, దానికి ఇంజన్ ఆయిలు పైపులు. బ్రేకు తేలిగ్గా పడేది ఆ పంపు వల్లే. డైనమో మార్చానని మురిసిపోయి, ఒక పైపు సరిగ్గా బిగించకపోతే, కీసర బ్రిడ్జి దిగుతున్నప్పుడు బ్రేకు రాయిలా అవుతుంది, లేదా దారంతా ఆయిలు కార్చుకుంటూ పోతావు. అలాగే మారుతి వాళ్లు 2015లో సియాజ్‌తో తెచ్చిన ఎస్‌హెచ్‌వీఎస్ లాంటి బండ్లలో డైనమోనే ఇంజన్‌ని మళ్లీ లేపుతుంది, బ్రేకు వేస్తే వచ్చే కరెంటుని దాచుకుంటుంది. దానికి బెల్టు వేరు, బిగింపు వేరు, బ్యాటరీ కూడా వేరు. అవి ఇంటి ముందు విప్పే వస్తువులు కావు. ఇక్కడిదాకా నా పని, ఇక్కడి నుంచి కాదు అనడంలో పరువు పోదు. తెలియనిచోట చేయి పెట్టిన మెకానిక్‌కే పరువు పోవడం చూశాను, ఇందాక గాజుల సంగతి చెప్పాను కదా.

పాతదాన్ని పాతసామాను వాడికి తూకానికి అమ్మకు. చాలాసార్లు బ్రష్‌లు, బేరింగులు వేస్తే ఇంకా కొన్నేళ్లు తిరుగుతుంది. నందిగామలోనూ పేటలోనూ ఆ పని చేసే చేతులు ఇంకా ఉన్నాయి, బెజవాడ ఆటోనగర్‌లో అయితే చెప్పనక్కర్లేదు. కాలిపోయిన వాసన వస్తే మాత్రం వైండింగ్ పోయినట్టు, దానికి లెక్క వేరే.

కొత్తది బిగించావు, బెల్టు ఎక్కింది. ఆగు, ఇప్పుడే తొందర. చచ్చిన బ్యాటరీ మీద కొత్త డైనమోని వదలకు. ఎండిన చెరువుని ఒక్క పూటలో నింపమంటే కాలువ కట్టలు తెగుతాయి, కొత్త డైనమో మొదటి రోజే ఉడికిపోతుంది. బ్యాటరీని ముందు ఛార్జర్‌కి పెట్టు, నీది 35 ఆంపియర్-అవర్ కదా, మూడు నాలుగు ఆంపియర్ల మీద రాత్రంతా. నిదానంగా. పండగ రోజు ఇంట్లో కూర్చుని అరిసెలు తిను, దాని పని అది చేసుకుంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసి మళ్లీ, ఏం చేస్తావు? అదీ. మీటరు.

ఇక దారి మాట. ఎర్ర దీపం ఊరి బయట వెలిగితే ఏం చేయాలో కోడలికి కూడా చెప్పు, నీ ఒక్కడి దగ్గరే దాచుకోకు, రేపు పాపని తీసుకుని తనొక్కతే వచ్చే రోజుంటుంది. మొదట వేడి ముల్లు చూడాలి. చాలా బండ్లలో నీళ్ల పంపు తిప్పేదీ అదే బెల్టు. ఎర్ర దీపంతో పాటు వేడి కూడా పైకి పాకుతోందంటే బెల్టు తెగింది, వెంటనే పక్కకి తీసి ఇంజన్ ఆపేయాలి. కిలోమీటరే కదా కోదాడ అని లాగితే హెడ్డు పోతుంది. వేడి మామూలుగానే ఉంటే ఏసీ, పాటలు, ఫోన్లు అన్నీ ఆపి, పగలైతే మెల్లగా దగ్గర ఊరు చేరొచ్చు. రాత్రయితే లెక్క వేసుకో. రెండు పెద్ద లైట్లు కలిపి 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్ల పైన. ఇంజన్ తన కోసం ఇంకో పది లాక్కుంటుంది. 35 ఆంపియర్-అవర్ చెరువు కాగితం మీద గంటన్నర దాటి వస్తుంది. కాగితం మీదే. చెరువు సగమే ఉంటే అందులో సగం, ఆపైన దీపాలు మసకబారి, స్టీరింగ్ బరువెక్కి, లారీల మధ్య చీకట్లో ఆగుతావు. మధ్యలో ఇంజన్ ఆపావో, మళ్లీ సెల్ఫ్ తిరగదు. పెట్రోలు బంకో ధాబానో వెలుతురున్న చోటు చూసి ఆగాలి, ఇంటికి ఫోన్ చేయాలి. మీ అమ్మ కంగారుపడుతుందని చెప్పకుండా దాస్తావు నువ్వు. దాచకు. ఆవిడ కంగారుపడితే పడుతుంది, నాకు చెబుతుంది, నేనెవరినో పంపిస్తాను.

చాలా చెప్పాను. మీ పెద్దమ్మ లోపల్నుంచి రెండుసార్లు పిలిచింది, అరిసెలు చల్లారిపోతున్నాయట. ఆ అట్టపెట్టె టేపు ఇంకా తెంచలేదు కదా? తెంచకు, తెంచితే అమ్మినవాడు వెనక్కి తీసుకోడు.

ఉంగరం జేబులో పెట్టావా? తాళం చెవి? సరే. ఇంజన్ రాత్రి నుంచీ ఆపే ఉంది, అది మంచిదైంది. ఇదిగో మీటరు. నల్ల ముల్లు మైనస్ పోస్టుకి. ఎర్రది ప్లస్‌కి, క్లాంపు మీద కాదురా, పోస్టు మీద, సీసం కనబడుతోంది చూడు మధ్యలో గుండ్రంగా. ఆఁ, అక్కడ. నొక్కి పట్టుకో. నా కళ్లజోడు లోపలుంది, నువ్వే చదువు.

ఎంత చూపిస్తోంది?